ముప్పై ఏడో పని

మా ఆఫీసులో సర్వీసు బల్ల దగ్గర కూర్చునే ఆవిడని ఎదురుగా అక్కా అంటాం, వెనకాల టిక్కులక్క అంటాం. వెనకాల ఏమంటామో ఆవిడకి తెలియదని కాదు. ఒకసారి రిసెప్షన్ అమ్మాయి ఫోన్లో ఎవరితోనో, "ఉండండి, మా టిక్కులక్కని అడిగి చెప్తాను" అనేసి నాలుక కరుచుకుంది. పక్కనే ఉన్న ఆవిడ రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే, "అడుగమ్మా, టిక్కులక్క ఇక్కడే ఉంది" అంది. ఆ మాటలో కోపం లేదు, నవ్వూ లేదు. ఆ రెంటికీ ఆవిడ దగ్గర తీరిక లేదు.

మాది లిఫ్టులు చూసుకునే కంపెనీ. లిఫ్టులు మేం తయారు చెయ్యం, అమర్చం. ఎవరో అమర్చిన లిఫ్టులు చెడిపోకుండా చూడటం, చెడిపోతే మెకానిక్‌ని పంపించడం మా పని. అరవై రెండు భవనాలు, పదకొండు మంది మెకానిక్కులు, మూడో అంతస్తులో ఒక హాలు, హాల్లో ఏడు బల్లలు. మా భవనానికి లిఫ్టు లేదు. ఈ మాట వినగానే కొత్తగా వచ్చినవాళ్లు పగలబడి నవ్వుతారు. మేం నవ్వడం మానేసి చాలా కాలమైంది. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగేవాళ్లకి అందులో హాస్యం కనపడదు.

నాది స్పేరు పార్టుల బల్ల. తలుపు బెల్టులు, బటన్లు, రోలర్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని తెప్పించాలి అని చూసుకుంటూ ఉంటాను. ఆవిడకీ నాకూ మధ్య ఒక ఇనప బీరువా, ఒక ఎండిపోయిన కుండీ. పన్నెండేళ్లుగా ఆ బీరువా పక్కనుంచి ఆవిడని చూస్తున్నాను. ఆవిడ ఎలా పని చేస్తుందో రాయాలంటే నాకంటే తగినవాడు లేడు. ఎందుకు రాయకూడదో కూడా నాకే బాగా తెలుసు. అది తర్వాత చెప్తాను.

ఆవిడ దగ్గర ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం ఉంటుంది. పొద్దున ఎనిమిదీ నలభైకి వచ్చి, భుజానికున్న సంచీ తియ్యకముందే పుస్తకం తెరిచి ఆ రోజు పనులు వరసగా రాసుకుంటుంది. ఒక్కో పని పక్కన ఒక చిన్న గడి. పని అయితే గడిలో టిక్కు. సగం అయితే సగం టిక్కు ఉండదు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎత్తలేదనుకోండి, ఆ పని ఆవిడ దృష్టిలో ఇంకా మొదలే కాలేదు. మాకు మాత్రం "చేశానండీ, ఎత్తలేదు" అనే మాటతో ఒక పూట గడిచిపోతుంది. ఇంకో సంగతి, ఆవిడ పుస్తకంలో ఈ రోజు పని రేపటి పేజీకి ఎక్కదు. ఎక్కించడం చేతకాక కాదు, ఆవిడకి అది అబద్ధం చెప్పినట్టుంటుందట. అందుకని గడులన్నీ నిండేదాకా ఇంటికి వెళ్లదు.

ఇలాంటి మనిషి ఒకరు ఆఫీసులో ఉంటే మిగతావాళ్లం ఏం చేస్తాం? ఏ పనైనా అవ్వాలంటే ఆ పుస్తకంలోకి ఎక్కించాలని కనిపెట్టాం. దానికో పద్ధతి కూడా ఉంది. ఆవిడ బల్ల దగ్గర నిలబడి ముందు ఒక నిట్టూర్పు విడవాలి. తర్వాత ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనాలి. ఆ తర్వాత "అక్కా, ఈ ఒక్కసారికి" అనాలి. ఆవిడ మన మొహంలోకి చూడదు, ఏమిటని అడగదు. కలం తీసి ఒక గీత రాసి పక్కన గడి గీస్తుంది. అంతే, ఆ పని మన నెత్తి మీంచి దిగిపోయినట్టే. నేను చాలా నిట్టూర్పులు విడిచాను. మా ఆవిడకి ఎన్నిసార్లు జ్వరం తెప్పించానో ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడ మధ్యాహ్నం డబ్బా మొత్తం ఒక్క విడతలో తినడం నేనెప్పుడూ చూడలేదు. రెండు ముద్దలు తినేసరికి ఫోన్ మోగుతుంది. ఎడమ చేత్తో ఫోన్, కుడి చెయ్యి ఎండిపోతూ గాల్లో. నాలుగింటికల్లా కళ్లజోడు తీసి ముక్కు మీద రెండు వేళ్లతో నొక్కుకుంటుంది. బల్ల కింద చెప్పులు విడిచేస్తుంది. పాదాలు ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఆ చెప్పులు తొడుక్కోవడం మళ్లీ ఒక పని. దానికి మాత్రం గడి లేదు.

ఒకసారి మేనేజరుకి మా పనితీరు మీద దిగులు పుట్టి, ఒక శిక్షకుణ్ణి పిలిపించి సమయాన్ని ఎలా వాడుకోవాలో మాకు పాఠం చెప్పించాడు. ఆయన గోడ మీద నాలుగు రంగుల గళ్లు గీసి, తొందర పనులు వేరు, ముఖ్యమైన పనులు వేరు అని రెండు గంటలు చెప్పాడు. మేం తలలూపాం. టిక్కులక్క వెనక వరసలో కూర్చుని మోకాలి మీద పుస్తకం పెట్టుకుని ముగ్గురు మెకానిక్కుల మర్నాటి వంతులు వేసేసింది. క్లాసు అయ్యాక నేను తొంగి చూస్తే, పేజీలో చివరి గీత "సమయం క్లాసు" అని ఉంది. పక్కన టిక్కు ఉంది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. అసలు సంగతి మొన్నటి నెల మొదటి సోమవారం మొదలైంది.

ఆ రోజు మేమిద్దరం కలిసి మెట్లు ఎక్కుతున్నాం. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆవిడ మెట్ల పక్క కడ్డీ పట్టుకుని ఆగింది. అక్కడ రోజూ ఆగుతుంది, ఊపిరి తీసుకుని మళ్లీ కదులుతుంది. ఆ రోజు కదల్లేదు.

"తమ్ముడూ, నేను ఒక నెల సెలవు పెడుతున్నాను" అంది.

పన్నెండేళ్లలో ఆవిడ వరసగా మూడు రోజులు సెలవు పెట్టడం నాకు గుర్తు లేదు. "ఏమైందక్కా?" అన్నాను.

"మా అక్కకి మరుపు జబ్బు వచ్చిందని చెప్పాను కదా. నిన్న దాని కూతురు ఫోన్ చేసింది. పొద్దున కూతుర్నే పట్టుకుని, ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు అందట. నన్ను మాత్రం ఇంకా గుర్తు పెట్టుకుంది. ఫోన్లో గొంతు వింటే పేరు పెట్టి పిలుస్తోంది. పిన్నీ, ఇప్పుడొస్తేనే, తర్వాత వచ్చినా రాకపోయినా ఒకటే అని ఏడ్చింది ఆ పిల్ల."

ఆ అక్క గురించి నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఈవిడ కంటే పద్నాలుగేళ్లు పెద్ద. తల్లి చిన్నప్పుడే పోతే, బట్టలు కుట్టి ఈవిడని చదివించింది. ఈవిడ మొదటిసారి ఉద్యోగానికి వెళ్లిన రోజు వేసుకున్న బట్టలు కూడా ఆవిడ కుట్టినవే. ఇప్పుడు వేరే ఊళ్లో, కూతురి ఇంట్లో ఉంటోంది. బస్సులో వెళ్తే తొమ్మిది గంటల దూరం.

"నన్ను గుర్తుపట్టే అక్కతో ఒక్క నెల కూర్చోవాలి తమ్ముడూ. అంతకంటే ఏం లేదు" అంది టిక్కులక్క. మళ్లీ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. సెలవు చీటీ చూసి వెంటనే వెళ్లమన్నాడు. కానీ మా ఆఫీసుకి ఒక నియమం ఉంది. సెలవు పదిహేను రోజులు దాటితే అప్పగింత పట్టిక రాయాలి. వెళ్లే మనిషి చేసే ప్రతి పనీ అందులో ఉండాలి, ప్రతి పని ఎదురుగా దాన్ని ఒప్పుకున్నవాళ్ల సంతకం ఉండాలి. రెండేళ్ల కిందట ఒక మెకానిక్ చెప్పకుండా ఊరెళ్లిపోతే, అతనికి వచ్చే ఫోన్లు ఎవరు చూసుకోవాలో తెలియక ఇద్దరు ముసలివాళ్లు లిఫ్టులో రెండు గంటలు ఇరుక్కుపోయారు. ఆ నియమం అప్పుడు పుట్టింది. "ఒక్క గడి ఖాళీ ఉన్నా నేను సంతకం పెట్టలేనమ్మా. నా చేతుల్లో లేదు" అన్నాడు మేనేజరు. టిక్కులక్క సరే అంది. గడి ఖాళీగా వదిలి వెళ్లడం ఆవిడకీ చేతకాదు.

మొదటి రోజు పద్నాలుగు పనులు రాసింది. మేనేజరు చదివి, ఇంతేనా అన్నాడు. మర్నాడు తను ఏం చేస్తే అది వెంటనే రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి నలభై ఒకటి తేలాయి. ఆ కాగితం నేను చూశాను. తొమ్మిదో పని: ప్రింటరు ఆగిపోతే ఎడమ వైపు మూత ఎత్తి దుమ్ము ఊదాలి, మధ్యలో వేలు పెట్టకూడదు. ఇరవై రెండో పని: ఆస్పత్రి పక్క భవనం పెద్దాయన ఫోన్ చేస్తే ముందు ఆయన మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగాలి, ఆ తర్వాతే లిఫ్టు మాట ఎత్తాలి. ముప్పై ఒకటి: పెద్ద మెకానిక్ చేతిరాత చదివి తిరిగి రాయాలి. పెద్ద మెకానిక్ అది చూసి, "నా రాతకేం వచ్చింది?" అని ఉడుక్కున్నాడు. ఆయన రాసింది ఆయన చేతే చదివిస్తే రెండో ముక్క దగ్గర ఆగిపోయాడు.

తర్వాత సంతకాల వేట మొదలైంది. ఆ కాగితం అట్టకి బిగించుకుని ఆవిడ బల్ల బల్లకీ తిరిగింది. ఆ వారం మా ఆఫీసులో అందరికీ ఒకేసారి దాహం వేయడం మొదలైంది. ఆవిడ కుర్చీలోంచి లేస్తే చాలు, నీళ్ల కూజా దగ్గర జనం. తప్పు పట్టలేం, మా భయం మాకుంది. ఈ ఆఫీసులో ఒకసారి చేతికి అంటుకున్న పని మళ్లీ వదలదని అందరికీ తెలుసు. కాగితం మీద నెల అని ఉంటుంది, సంతకం మాత్రం రిటైరయ్యేదాకా పనిచేస్తుంది.

అయినా ఆవిడ వదల్లేదు. ఒకరికి రెండు, ఒకరికి అయిదు, బతిమాలి, పక్కన కూర్చుని నేర్పించి, మూడు రోజుల్లో నలభై సంతకాలు రాబట్టింది. నా వంతుకి నేనూ మూడు పెట్టాను, అన్నీ తేలికవే. ఒక్కటి మిగిలింది.

ముప్పై ఏడో పని. శుక్రవారం, లిఫ్టు లోపలి గంటలు.

ఇది చెప్పాలి. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనిషి ఇరుక్కుంటే, బయటికి చెప్పుకోవడానికి ఒక గంట ఉంటుంది. ఆ గంట పనిచేస్తోందో లేదో ప్రతి శుక్రవారం పొద్దున చూడాలి. అరవై రెండు భవనాల కేర్‌టేకర్లకి ఫోన్ చెయ్యాలి. ఒక్కొక్కణ్ణీ బతిమాలి లిఫ్టులోకి పంపించి, తలుపు వేయించి, మీట నొక్కించి, ఆ మోత మన చెవితో ఫోన్లో వినాలి. విన్నాక రిజిస్టర్లో రాయాలి. తక్కువలో తక్కువ మూడున్నర గంటలు. అయ్యేసరికి చెవిలో ఆ మోతే మిగులుతుంది.

ఆవిడ అట్ట నా బల్ల మీద పెట్టి, "ఇది నువ్వు తీసుకుంటావా తమ్ముడూ?" అంది.

"స్పేరు పార్టులకీ గంటలకీ ఏంటక్కా సంబంధం? పెద్ద మెకానిక్‌ని అడుగు."

ఆవిడ నా వంక ఒక క్షణం ఎక్కువ చూసింది. ఏదో అనబోయినట్టుంది, అనలేదు. పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్లింది. శుక్రవారం తను రోడ్ల మీద ఉంటానన్నాడు ఆయన. రిసెప్షన్ అమ్మాయి ఇప్పటికే రెండు చెవులూ ఫోన్లకే ఇచ్చేశానంది. కాగితం తిరిగి తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

"సోమవారం చెప్తానక్కా" అన్నాను.

సోమవారం సరుకు లెక్క చూడాలని కింద గోదాములోకి జారుకున్నాను. అవసరం లేని రోలర్లు రెండుసార్లు లెక్కపెట్టాను. మంగళవారం ఆవిడ ఏమీ అడగలేదు. బుధవారం మధ్యాహ్నం మెట్ల మలుపు దగ్గర ఫోన్ ఎదురుగా పట్టుకుని నిలబడి ఉంది. తెరలో తెల్ల జుట్టు మనిషి కనపడుతోంది.

"ఎప్పుడొస్తావే?" అంటోంది ఆ మనిషి. పేరు పెట్టి పిలిచింది కూడా.

"ఈ ఆదివారం అక్కా."

"పోయిన ఆదివారం కూడా ఇదే అన్నావు."

"చిన్న పని మిగిలిందక్కా. ఒక్కటే."

నేను పక్కనుంచి పైకి ఎక్కిపోయాను. ఆ ఒక్క పనీ ఎవరి దగ్గర ఆగిందో నాకు తెలుసు. తెలిసీ ఎక్కిపోయాను. మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

నా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోనివ్వండి, ఎవరూ ఒప్పుకోకపోయినా. అలిసిపోయాను. పొద్దున లేస్తే మెట్లు, సాయంత్రం అయితే మెట్లు, మధ్యలో ఎప్పటికీ తరగని పని. ఇంకొక్క పని మీద పడితే కూలిపోతానేమో అనిపించేది. ఆవిడ ఎన్ని మోస్తోందో కాగితం మీద కళ్లారా చూశాక కూడా నా అలసటే నాకు పెద్దగా కనపడింది. ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. అక్క అలా ఉంటే, ఈ పట్టికా వద్దు, సంతకాలూ వద్దని బస్సెక్కేయచ్చు కదా! నేనైతే ఎక్కేసేవాణ్ణి. ఎక్కేయగలిగే మనిషైతే ఆ నలభై ఒక్క పనులు ఆవిడ దగ్గర పోగుపడేవే కావు. అది అప్పుడు తట్టలేదు.

గురువారం ఇంట్లో మాటల మధ్యలో మా ఆవిడకి చెప్పాను. సానుభూతి దొరుకుతుందనుకున్నాను.

"సంతకం పెట్టడానికి నీ చేతికేం రోగం?" అంది మా ఆవిడ.

"నీకు తెలీదు. ఒకసారి తీసుకుంటే నా మెడకే చుట్టుకుంటుంది."

"ఆవిడ మెడకి ఎలా చుట్టుకుందో ఎప్పుడైనా అడిగావా?"

మర్నాడు శుక్రవారం. ఆవిడ గంటల ఫోన్లు మొదలుపెట్టకముందే, అసలు ఇదెంత పనో చూద్దామని బీరువాలోంచి రిజిస్టర్లు తీశాను. తొమ్మిది పుస్తకాలున్నాయి. పైన ఉన్న ఎనిమిదింటిలో అన్ని పేజీలూ ఆవిడ రాతే. అడుగున ఉన్న పాతది తెరిచాను. మొదటి పేజీలో రాత వేరు. ళ అక్షరం తోక పొడుగ్గా, అంకెలు కుడి పక్కకి వాలిపోయి. నా రాత నాకు తెలియదా?

ఇరవై ఏడు వారాలు నేను రాశాను. ఇరవై ఎనిమిదో వారం నుంచి ఆవిడ రాత. ఆ మారిన చోట తేదీ చూస్తే అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మాయి పుట్టిన నెల. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. ఒక శుక్రవారం ఆవిడ బల్ల దగ్గర నిలబడి, "అక్కా, ఈ రెండు వారాలు చూడవా" అన్నాను. ఆవిడ గీత రాసి గడి గీసింది. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రెండు వారాలు ఇంకా అయిపోలేదు. నేను వెనక్కి తీసుకోవడం మర్చిపోయాను, తర్వాత అది నాదన్న సంగతే మర్చిపోయాను. స్పేరు పార్టులకీ గంటలకీ ఏంటి సంబంధమని ఆవిడ మొహం మీదే అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పుస్తకం పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లాను. అప్పుడే సంచీలోంచి అన్నం డబ్బా తీసి పక్కన పెట్టి, మొదటి నంబరు నొక్కబోతోంది.

"ఇది నా పని కదక్కా. చెప్పలేదేం?"

ఆవిడ పుస్తకం వంక చూసింది. "చెప్దామనే అనుకున్నాను. ఓపిక లేకపోయింది తమ్ముడూ" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కడే నిలబడి ముప్పై ఏడు ఎదురుగా సంతకం పెట్టాను. అది చూసి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అరగంటలో మేనేజరు సంతకం కూడా అయింది. ఆ శుక్రవారం గంటలన్నీ ఆవిడే విని, రిజిస్టరు రాసి, నాకు రెండు పేజీల కాగితం రాసిచ్చింది. ఏ కేర్‌టేకర్ ఎప్పుడు దొరుకుతాడు, ఎవడు లిఫ్టులోకి వెళ్లకుండానే వెళ్లానంటాడు, ఎవడి గంట మోత సన్నగా వినిపిస్తుంది, అన్నీ. శనివారం కూడా వచ్చి మిగతావాళ్లకి తాళాలు, నంబర్లు అప్పజెప్పింది. ఆదివారం పొద్దుటి బస్సుకి వెళ్లింది. మొదటి సోమవారం నుంచి లెక్కేస్తే పదమూడు రోజులు. అందులో ఎక్కువ భాగం ఆ కాగితం నా బల్ల చుట్టూనే తిరిగింది.

ఆవిడ లేని వారం ఆఫీసు ఎలా నడిచిందో పెద్దగా చెప్పక్కర్లేదు. నడిచింది. ప్రింటరులో ఎవరో వేలు పెట్టారు. మోకాళ్ల పెద్దాయనకి మోకాళ్ల సంగతి అడక్కుండా లిఫ్టు సంగతి చెప్పినందుకు కోపం వచ్చింది. అయిదింటికి అందరం ఇళ్లకి వెళ్లిపోయాం. మా పనులు మా రేపటికి ఎక్కాయి, ఎవరికీ అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.

శుక్రవారం వచ్చింది. తొమ్మిదింటికి రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పది భవనాలకే తల ప్రాణం తోకకొచ్చింది. ఒకడు గంట మోగించి ఫోన్ పెట్టేశాడు, ఒకడు ఫోన్ మోగించి గంట మర్చిపోయాడు. పదకొండో భవనం పద్నాలుగు అంతస్తులది. దాని కేర్‌టేకర్‌కి ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు. ఒళ్లు మండిపోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యి దానంతటదే టిక్కులక్క నంబరు నొక్కేసింది.

"చెప్పు తమ్ముడూ" అంది ఆవిడ. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమనుకోకు అక్కా. పద్నాలుగు అంతస్తుల ఆయన ఫోన్ ఎత్తడం లేదు."

"పదకొండు దాటాక చెయ్యి. రాత్రి కాపలా మనిషి, ఇప్పుడు పడుకుంటాడు. రెండో పేజీలో రాశానుగా."

రెండో పేజీ నేను తిప్పనే లేదు. ఆ మాట చెప్పకుండా, "అక్కగారు ఎలా ఉన్నారు?" అన్నాను.

ఆవిడ మెల్లగా, పక్కవాళ్లకి వినపడకూడదన్నట్టు చెప్పింది. "బాగానే ఉంది. తింటోంది, పడుకుంటోంది. నేనెవరో తెలీడం లేదు తమ్ముడూ."

"పోయిన వారం బుధవారం ఫోన్లో..."

"బుధవారం పిలిచింది. గురువారం కూడా పిలిచిందట. శనివారం పొద్దున నుంచి మారిపోయిందని పిల్ల చెప్తోంది. ఆదివారం నేను లోపలికొస్తే, కొత్తగా పనికి కుదిరావా అమ్మాయ్ అంది. మంచిదే, నా దగ్గర కూర్చోమంటోంది, నా చేత్తో పెడితే తింటోంది. రోజంతా నా గురించే నాతో చెప్తోంది. మా చెల్లి వస్తుంది, మా చెల్లి వస్తుంది అని."

గురువారం దాకా పిలిచిందంటే, నన్ను మొదట అడిగిన రోజే సంతకం పెట్టి ఉంటే, ఆవిడ అప్పటికి అక్కడే ఉండేది. కనీసం నాలుగు రోజులు దొరికేవి. ఆ నాలుగు రోజుల్లో నేను గోదాములో రోలర్లు లెక్కపెట్టాను.

అంతలో అవతల ఇంకో గొంతు వినిపించింది. ముసలి గొంతు, కానీ గట్టిగా ఉంది. "ఎవరమ్మాయ్ ఫోన్లో?"

"ఆఫీసు నుంచి అక్కా."

"మా చెల్లి ఆఫీసా? ఇలా ఇవ్వు, ఇలా ఇవ్వు."

ఫోన్ చేతులు మారిన గరగర. నేను పెట్టేసి ఉండాల్సింది, పెట్టలేకపోయాను.

"బాబూ, నేను దాని అక్కని. దాని పని ఇంకా అవ్వలేదా?"

రిజిస్టరు వంక చూశాను. ఆవిడే మళ్లీ అందుకుంది. "తప్పుగా అనుకోకు నాయనా. చిన్నప్పటి నుంచీ అది అంతే, పని ఒప్పుకుంటే వదలదు. మీరే కాస్త చూసి తొందరగా పంపించాలి. చీకటి పడితే దానికి బస్సు దొరకదు."

"అయిపోయిందండీ" అన్నాను. "పనంతా అయిపోయింది. బయల్దేరింది. దార్లో ఉంది."

"హమ్మయ్య" అంది ఆవిడ. ఫోన్ పెట్టడం తెలియక అలాగే పట్టుకుని పక్కకి తిరిగినట్టుంది, మాట కొంచెం దూరంగా వినిపించింది. "విన్నావా అమ్మాయ్? బయల్దేరిందట. నువ్వు కాస్త లేచి అటు జరుగు. అది వచ్చి ఇక్కడే కూర్చుంటుంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.